వదులైన దండెం

"ఈల ఎక్కడుంది?"



వీధి తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది. ఏడాది నుంచి నల్లతాడుతో అక్కడే వేలాడుతున్న ఈల, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మాయమైంది. చిన్నకోడలు అదే మాట మూడోసారి అడిగింది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకుండా అడిగిందంటే లోపల కుతకుత ఉడికిపోతోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"అత్తయ్యా, మిమ్మల్నే."

అత్తగారు ఆస్పత్రి దుప్పటి అంచులు కలిపి మడత పెడుతోంది. తలెత్తలేదు.

"నన్నడుగుతావేం? నీ ఈలకి నేనేమన్నా కాపలానా?"

"పొద్దున ఉంది. ఇప్పుడు లేదు. దానికి కాళ్ళు లేవు."

"కాళ్ళు లేవు గానీ నోరుంది! నీకున్నట్టే." మడత మీద ఒక్క చరుపు చరిచింది అత్తగారు. "పోయిన వానల్లో రెండుసార్లు ఊదావు. రెండుసార్లూ పదకొండు ఇళ్ళవాళ్ళు పిల్లాజెల్లా, ముసలీ ముతకాతో వెళ్ళి బడి హాల్లో రోజంతా పడిగాపులు పడ్డారు. ఏం కూలింది? ఏం కొట్టుకుపోయింది? ఇక్కడ మాత్రం బండెడు దుప్పట్లు తడి మీదే ముద్దలై ముక్కిపోయాయి. ఆస్పత్రిలో పెద్దకోడలు ఎన్ని మాటలు పడిందో నీకేం తెలుసు!"

పెద్దకోడలు ఆ ఆస్పత్రిలో ఆయా. ఇంట్లో నడిపే లాండ్రీకి ఆ దుప్పట్ల పని ఆవిడ మాట మీదే వచ్చింది. ఇవాళ కూడా పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది కాబట్టి ఈ రగడ తప్పించుకుంది.

"ఇంకొక్కసారి కంపు దుప్పట్లు పంపితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు." ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అందుకున్నాడు బావగారు. ఆ ఇంటికి పెద్దకొడుకు, ఆ లాండ్రీకి యజమాని, తన మాటే చెల్లాలనే మనిషి. "ఇంకొక్కసారి. విన్నావా ఈలమ్మా?"

ఈలమ్మ! ఆ పేరు పెట్టింది ఆయనే. ముందు ఇంట్లో అన్నాడు, తర్వాత సందులో అన్నాడు, ఇప్పుడు పై వీధి దాకా పాకింది. వాకిట్లో గొట్టంలో వాన ఎంత పడిందో చూడడం, ఎర్రగీత దాటితే ఈల ఊదడం, పెరటి చివరి రాతిగోడకి పైనా కిందా ఉన్న ఇళ్ళు ఖాళీ చేయించడం, ఇదీ వార్డులో ఆవిడకి అప్పజెప్పిన పని. జీతం లేదు, బత్తెం లేదు, బిరుదు మాత్రం దొరికింది. ఏటా జరిగే రెండు రోజుల శిక్షణకి వార్డు నుంచి పన్నెండు మంది పేర్లిచ్చారు. పదకొండు మంది టీ బిస్కెట్ల దాకా ఉండి వచ్చేశారు.

"అమ్మా, ఈల తీసుంటే ఇచ్చెయ్యి," అన్నాడు భర్త. దుప్పట్ల బుట్ట ఎత్తుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ఇంట్లో భార్య వైపు ఒక్క మాటైనా మాట్లాడేది అతనొక్కడే. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

"వచ్చాడయ్యా పెళ్ళాం వకీలు," అంది అత్తగారు. "ఈల సంగతి తర్వాత, ముందు దండెం సంగతి చూడరా. తీగ మళ్ళీ వేలాడుతోంది. నిన్న సాయంత్రం బిగించాను, పొద్దున బిగించాను, ఇప్పుడు చూస్తే దుప్పట్ల అంచులు నేల నాకుతున్నాయి. ఎక్కడ కొన్నావురా ఆ దిక్కుమాలిన తీగ?"

"ఇనప తీగేనమ్మా. సాగదు."

"సాగకుండానే వేలాడుతోందా? నాకేం కళ్ళు పోయాయా?"

వాన రేకుల మీద మూడు రోజులుగా పడుతున్నట్టే పడుతోంది.

చిన్నకోడలు గొడుగు కూడా తీసుకోకుండా వాకిట్లోకి వెళ్ళింది. గేటు పక్క స్తంభానికి బిగించిన గాజు గొట్టం. రోజూ పొద్దున ఎనిమిదికి చూసి, రాసుకుని, ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత పడ్డది మర్నాటి లెక్క. ఆరంగుళాల దగ్గర ఎర్రగీత. నిన్న పొద్దున ఖాళీ చేసింది. ఇవాళ ఎనిమిదింటికి చూస్తే నాలుగంగుళాలు దాటింది. వాన ఆగలేదని, ఖాళీ చెయ్యకుండా వదిలేసింది. ముసురు రోజుల్లో ఏకధాటిగా పడితే మొత్తం కలిపి చూడాలని శిక్షణలో చెప్పారు.

ఇప్పుడు గొట్టంలో రెండు వేళ్ళ నీళ్ళున్నాయి.

ఆవిడ గొట్టాన్ని చూసింది. పక్కనే ఆరుబయట ఉన్న డ్రమ్మును చూసింది. పై నుంచి కింది దాకా ఒకే వెడల్పున్న ఇనప డ్రమ్ము. నిన్న పొద్దున తనే కడిగి అక్కడ నిలబెట్టింది. అందులో చెయ్యి పెట్టి అడుగు దాకా జాన కొలిచింది. జానెడు నిండింది, ఆ పైన ఇంకా రెండు వేళ్ళ నీళ్ళున్నాయి. ఆవిడ జాన ఏడంగుళాలు. జాకెట్టు కొలతలకి ఎన్నిసార్లు వాడిందో, అందులో తప్పు రాదు.

లోపలికి వచ్చి తడి చేత్తోనే తలుపు వేసింది.

"గొట్టం ఎవరు పారబోశారు?"

"నేనే," అంది అత్తగారు. దాచాలని కూడా చూడలేదు. "పన్నెండింటికి గులాబీ మొక్కకి పోశాను. అయితే ఏం? వాననీళ్ళు మొక్కకి పోస్తే నేరమా?"

"అత్తయ్యా, అది గొట్టం. వార్డు గొట్టం."

"ఆపు! నీళ్ళు నిలవ ఉంచొద్దు, దోమలొస్తాయి, జ్వరాలొస్తాయి అని ఇంటింటికీ తిరిగి చెప్పిందెవరు? నువ్వే కదూ? ఆకుపచ్చ కాయితాలు పంచావుగా? మూడు రోజులకోసారి గిన్నె, గ్లాసు, కొబ్బరిచిప్ప అన్నీ బోర్లించమన్నావుగా? నీ మాట విని బోర్లించాను. ఇప్పుడు అదీ తప్పేనా?"

బావగారు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి చిన్నకోడలి ఒళ్ళు మండిపోయింది. నవ్వడానికి ఇంకేం దొరకలేదా ఆ మనిషికి!

ఆవిడ ఫోను తీసి వార్డు ఆఫీసుకి చేసింది. ఎత్తిన గుమాస్తా ఆవలిస్తూ అడిగాడు.

"గొట్టంలో ఎంతుందమ్మా?"

"గొట్టం ఒలికిపోయిందండీ. డ్రమ్ములో కొలిచాను, ఎనిమిదంగుళాలు దాటింది."

"డ్రమ్ము లెక్క మాకు లేదమ్మా. ఫారంలో గొట్టం గడి ఒక్కటే ఉంది. గొట్టంలో ఎంత?"

"రెండు వేళ్ళు."

"మరి రెండు వేళ్ళకి వ్యాన్లు పంపమంటావా? ఎర్రగీత దాటాక చెయ్యమ్మా," అని పెట్టేశాడు.

అలాంటి గుమాస్తాలకి ఫారాలు ఇచ్చినవాళ్ళు గడులతో పాటు కాస్త బుద్ధి కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. చిన్నకోడలు ఫోను బల్ల మీద పడేసింది.

"అయిపోయిందిగా," అన్నాడు బావగారు. "ఆఫీసువాడే వద్దన్నాడు. ఇంక నోరు మూసుకుని ఆ తలగడ గలీబులు మడత పెట్టు. అయినా అంత భయపడ్డానికి ఏముంది? గోడ చూశావా? పోయిన వానల్లో చిన్న జల్లు పడితే చాలు, కన్నాలన్నీ ఎర్రనీళ్ళు కక్కి దుప్పట్లు నాశనం చేశాయి. ఈసారి మూడు రోజులు కుండపోతగా పడుతున్నా ఒక్క చుక్క రాలేదు. గోడ ఎండాకాలంలో ఉన్నంత పొడిగా ఉంది."

చిన్నకోడలు కదలకుండా నిలబడిపోయింది.

"ఏమన్నారు?"

"పొడిగా ఉందన్నాను. చెవుడా?"

"ఒక్క చుక్క కూడా రాలేదా?"

"నువ్వే వెళ్ళి చూసుకో!"

ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది.

ఆ పెరడు చివర రెండు నిలువుల ఎత్తు రాతిగోడ. దాని పైన పై వీధి, ఆ వీధి మీద ఏడు ఇళ్ళు. కింద లాండ్రీతో కలిపి నాలుగు. గోడలో రెండు వరసలుగా ఇరవై రెండు కన్నాలు. మట్టిలో ఇంకిన నీళ్ళు బయటికి పోవాలని కట్టినప్పుడే పెట్టిన కన్నాలు. ఏళ్ళ తరబడి వేర్లూ మట్టీ కూరుకుపోయి ఉంటే, పోయిన ఏడాది ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి చిన్నకోడలే వాటిని శుభ్రం చేయించింది. పోయిన వానలంతా అవి కారుతూనే ఉన్నాయి, అత్తగారు తిడుతూనే ఉంది.

శిక్షణ ఇచ్చిన ముసలి ఇంజనీరు ఒక మాట పదిసార్లు చెప్పాడు. గోడ కారుతుంటే మీరు నిద్రపోండి. గోడ కారడం మానేస్తే మాత్రం లేచి పరిగెత్తండి.

రేకుల కప్పు కింద వేలాడుతున్న దుప్పట్లు రెండు చేతులా తప్పించుకుంటూ వెళ్ళి ఆవిడ కింది వరసలో మొదటి కన్నం మీద చెయ్యి పెట్టింది. నున్నగా తగిలింది. రెండోది నున్నగా ఉంది. మూడోదీ అంతే. పైన సున్నం, లోపల సిమెంటు. గోరుతో గీకితే సున్నం లేచి బూడిదరంగు కనిపించింది. చేసినవాడెవడో పొందిగ్గా చేశాడు. వెతికితే తప్ప తెలియకుండా చేశాడు.

గొట్టం చూశాను గానీ గోడ చూడలేదు అనుకుంది. మూడు రోజులుగా దుప్పట్ల చాటున ఉందని అటు రానేలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

వెనకాలే అందరూ వచ్చారు.

"కన్నాలు ఎవరు పూడ్చారు?"

"నేను కాదు," అన్నాడు బావగారు వెంటనే. ఆ మొహంలో నవ్వు లేదు. వంగి, తనూ ఒక కన్నం తడిమి చూశాడు. "నాకు తెలియదు. ఒట్టు."

"నా వంక చూడకు," అంది అత్తగారు. "నీళ్ళు పారబోశాను. ఒప్పుకున్నాను. గోడ జోలికి పోలేదు. ఈ ఏడు కారట్లేదంటే పీడా విరగడైందనుకున్నా."

ముగ్గురూ మాట్లాడారు. నాలుగో మనిషి బుట్ట కింద పెట్టి, దాని పిడి పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు.



"ఏమండీ," అంది చిన్నకోడలు.

అతను లేవలేదు.

"ఏమండీ, ఇటు చూడండి."

"నువ్వు శిక్షణకి వెళ్ళినప్పుడు," అన్నాడు బుట్టతో చెబుతున్నట్టు. "మూడు వారాల కిందట. ఆ రెండు రాత్రుల్లో, అందరూ పడుకున్నాక."

"నువ్వా?"

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ భర్తని 'నువ్వు' అనలేదు. అత్తగారికి అది వినపడింది. వినపడనట్టు ఊరుకుంది.

"ఇంట్లో రోజూ యుద్ధమేగా," అన్నాడు అతను. "చిన్న జల్లు పడితే దుప్పటికి మరక. మరక పడితే అమ్మ నిన్ను తిట్టడం. కన్నాలు తెరిపించింది నువ్వేనని, ఇంటికి శని పట్టించావని. నువ్వు లోపల కూర్చుని ఏడవడం. చూడలేకపోయాను. కన్నాలు మూస్తే మరకలుండవు, మరకలు లేకపోతే తిట్లుండవు అనుకున్నాను. నీకోసమే చేశాను."

"నాకోసమా!"

ఇప్పుడు పెరిగింది గొంతు.

"నాకోసం నోరు తెరిచి మీ అమ్మని ఒక్క మాట అనలేవు గానీ, నాకోసం గోడ నోరు మూస్తావా? ఇరవై రెండు కన్నాలు పూడుస్తావా? ఇన్నాళ్ళూ అన్నం పెడుతుంటే తిన్నావు, పక్కన కూర్చుని వాన లెక్క రాస్తుంటే చూశావు, ఒక్కసారి చెప్పాలనిపించలేదా? మూడు రోజుల నుంచి ఆ మట్టి వెనకాల ఎన్ని నీళ్ళు చేరాయో తెలుసా నీకు? వాళ్ళు నన్ను చూసి నవ్వారు, నవ్వనీ. వాళ్ళ నవ్వు వల్ల ఎవరి ప్రాణం మీదకీ రాలేదు. నువ్వు మంచివాడివి కదా! నీ మంచితనం మండిపోనూ!"

అతను చటాలున లేచి షెడ్డు మూల నుంచి గునపం తెచ్చాడు.

"పగలగొట్టేస్తాను. ఇప్పుడే. అన్నీ."

"దించు!" ఆవిడ గునపం పట్టుకుంది. "ఇప్పుడు ఒక్క దెబ్బ వేస్తే గోడ నీ మీదే పడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"పడుతుంది పడుతుంది అంటావేమిటి?" అన్నాడు బావగారు. భయమో కోపమో, గొంతు కీచుగా వచ్చింది. "కన్నాలు పూడ్చాడు, తప్పే. వెధవ పని చేశాడు. అంత మాత్రాన పడుతుందని ఎక్కడ రాసుంది? నిటారుగా నిలబడే ఉందిగా కళ్ళముందు!"

చిన్నకోడలి కళ్ళు దండెం తీగ మీద పడ్డాయి. తీగ ఒక కొస గోడలో పాతిన కొక్కేనికి, రెండో కొస ఇంటి దగ్గర ఇనప స్తంభానికి. మధ్యలో బాగా దిగిపోయి, దుప్పట్ల అంచులు బురదలో ఆనుతున్నాయి.

"అత్తయ్యా," అంది మెల్లగా. "తీగ నిన్న ఎంత బిగించారు?"

"ఇప్పుడు దండెం గొడవేమిటే?"

"కర్ర పెట్టి మెలిక తిప్పుతారుగా. ఎన్ని మెలికలు తిప్పారు?"

నలభై ఏళ్ళుగా దండేలు కట్టిన మనిషి. లెక్క అడిగితే నోటికి వచ్చేసింది. "నిన్న సాయంత్రం రెండు. పొద్దున నాలుగు."

"ఇప్పుడు?"

అత్తగారు స్తంభం దగ్గరికి వెళ్ళి కర్ర పట్టుకుంది. తీగని చూసింది. స్తంభాన్ని గట్టిగా ఊపి చూసింది, కదల్లేదు. తర్వాత గోడలో కొక్కెం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఆరు పట్టేట్టుంది," అంది.

"తీగ సాగదు. స్తంభం కదల్లేదు. మరి ఏది దగ్గరికొస్తోంది అత్తయ్యా?"

అత్తగారు కర్ర బురదలో పడేసింది. ఆవిడ చదువుకోలేదు, అంగుళాలు తెలియవు, ఎర్రగీత అంటే నవ్వింది. మెలికలు మాత్రం తెలుసు. రెండు, నాలుగు, ఆరు.

లోపలికి వెళ్ళింది. గంజిపొడి డబ్బా మూత తీసిన చప్పుడైంది. మోచేతి దాకా తెల్లటి పొడితో బయటికి వచ్చి, ఈల చిన్నకోడలి మెళ్ళో తనే వేసింది.

"ఊదు," అంది.

"ఆగండి." బావగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఊదితే ఊదింది. కానీ ఒక మాట. వాన ఎక్కువైందని చెప్పు, అంతే. వీడు గోడ పాడుచేశాడన్న మాట గడప దాటకూడదు. దాటిందంటే పై వీధివాళ్ళు వీడి ఎముకలు విరుస్తారు. రేపట్నుంచి ఈ సందులో మనకి మంచినీళ్ళు కూడా పుట్టవు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి."

"గుట్టు దాచుకోడానికి ముందు ఇల్లుండాలి బావగారూ. మీరు కూడా బయటికి రండి."

"ముందు నువ్వు నడు. ఈ మోపు పొడి దుప్పట్లు తీసి వస్తాను. ఇవి కూడా బురదలో పడ్డాయంటే మీ అక్క ఉద్యోగం ఊడుతుంది."

వాదించడానికి వ్యవధి లేదు. ఆవిడ సందులోకి వచ్చి ఊదింది.

కింది మూడు ఇళ్ళలో ఒక తలుపు తెరుచుకుంది. బేకరీలో పనిచేసే ఆవిడ తల బయటికి పెట్టి, "వచ్చేసిందమ్మా ఈలమ్మ, ముసురు పట్టి నాలుగో రోజన్నా కాలేదు!" అని మళ్ళీ వేసుకుంది. చిన్నకోడలు సందు చివరి మెట్లెక్కి పై వీధికి వెళ్ళింది, వెనక భర్తా, అత్తగారూ. అక్కడా ఊదింది. కిటికీలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఎవరో లోపల్నుంచే అదే పలుకుతో ఈల వేసి వెక్కిరించారు.

గోడ అంచునే ఉన్న ఇల్లు దర్జీది. ఆయన మెళ్ళో కొలత టేపుతో గుమ్మంలోకి వచ్చాడు.

"గొట్టంలో ఎంతుందమ్మా?" అన్నాడు వ్యంగ్యంగా.

"గొట్టం సంగతి వదిలెయ్యండి. దయచేసి బయటికి రండి. మీ అమ్మగారిని నేను ఎత్తుకుంటాను."

"పోయినసారీ ఇదే మాట. బడి హాల్లో చాప మీద పడుకోబెడితే మా అమ్మకి నెల్లాళ్ళు దగ్గు తగ్గలేదు. అయినా మాకెందుకమ్మా, మీ అత్తగారే నిన్న కొళాయి దగ్గర చెప్పింది కదా, అదంతా పనీపాటా లేని పిల్ల చేసే గోలని. ఏమ్మా, అన్లేదూ?"

అత్తగారు తల దించుకుంది. "అన్నాను," అంది. "బుద్ధి లేక అన్నాను. ఇప్పుడు రండయ్యా."

"అత్తా కోడలూ రాజీ పడ్డారా? సంతోషం," అని దర్జీ తలుపు వెయ్యబోయాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఒక్క గడపా కదల్లేదు. చిన్నకోడలికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వీధి మీద, ఆ తలుపుల మీద, తను రెండుసార్లు ఊది అరగదీసిన ఆ ఈల మీద. నిజం చెబితే కదులుతారు. చెబితే అతన్ని ఏం చేస్తారో తెలియదు. నోరు తెరిచింది.

ఆవిడ కంటే ముందు భర్త వీధి మధ్యకి నడిచాడు.

ఆ మనిషి గట్టిగా మాట్లాడగా వీధిలో ఎవరూ విని ఎరగరు. దుప్పట్ల బుట్ట గుమ్మంలో పెట్టి, తల ఊపి వెళ్ళిపోయేవాడు.

"నేనే పూడ్చాను!" అని అరిచాడు. "గోడ కన్నాలు ఇరవై రెండూ నేనే సిమెంటు పెట్టి పూడ్చాను! నీళ్ళు లోపలే ఉన్నాయి! గోడ కదిలింది! మీ ఇళ్ళ కింద మట్టి జారుతోంది! మా అమ్మ మీద ఒట్టు, నేనే చేశాను! ఇంట్లో గొడవలు ఆగుతాయని చేశాను!"

ఈలకి తెరుచుకోని తలుపులు ఆ అరుపుకి తెరుచుకున్నాయి.

దర్జీ మొదట వచ్చాడు. వచ్చీ రావడంతోనే కాలర్ పట్టుకున్నాడు. "ఏం చేశావురా? మళ్ళీ చెప్పు!" తర్వాత పక్కింటి వాచ్‌మన్. తర్వాత ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు. కింది సందు వాళ్ళు కూడా మెట్లెక్కి వచ్చారు, బేకరీ ఆవిడ చేతిలో అట్లకాడతో సహా. ఎవరో చెంప మీద కొట్టారు. ఎవరో చొక్కా చింపారు. "మా కొంప ముంచావు కదరా!" "పోలీసులకి పట్టివ్వండి!" "మా ఇంట్లో చంటిబిడ్డ ఉందిరా పాపిష్టి వెధవా!" అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అత్తగారు కొడుకు దగ్గరికి పోబోయింది. చిన్నకోడలు ఆవిడ భుజం పట్టి ఆపి, గుంపులోకి తనే దూరింది. మొగుణ్ణి విడిపించడానికి కాదు.

"కొట్టండి!" అని అరిచింది. "బాగా కొట్టండి! నాకూ కొట్టాలనే ఉంది! కానీ ఇక్కడ కాదు, బడి దగ్గర కొట్టండి, అక్కడ చోటెక్కువ! లాక్కుపదండి! మీ ముసలివాళ్ళని, పిల్లల్ని తీసుకుని పదండి! నడవండి!"

ఒక్క క్షణం ఆగి, గుంపు కదిలింది. కోపంగా కదిలింది, తిడుతూ కదిలింది, కానీ కదిలింది. అతని చింపిరి చొక్కా ముందు, వెనక వీధి మొత్తం. దర్జీ కాలర్ వదిలి, లోపలికి పరిగెత్తి తల్లిని భుజాన వేసుకుని వచ్చాడు. చిన్నకోడలు మెట్ల మలుపులో నిలబడి ఇళ్ళ లెక్క వేసుకుంది. పై వీధి ఏడు. కింద మూడు. పది.

"పదకొండోది మనదేగా," అంది అత్తగారు పక్కనే. "అందరం ఇక్కడే..."



ఆ మలుపు నుంచి చూస్తే లాండ్రీ పెరడు రేకుల అంచు కింద కనిపిస్తుంది. తెల్లటి వరస ఒకటి కనిపించింది. దుప్పట్లు. అందులో ఒకటి కదిలింది. బావగారు భుజం మీద మోపు పెట్టుకుని, ఒక్కొక్క దుప్పటీ ఇంకా బురద అంటకుండా ఒడుపుగా తీస్తున్నాడు. తీగ ఆయన మోకాళ్ళ దాకా దిగింది.

"ఒరే పెద్దోడా!" అత్తగారు గొంతు చించుకుంది. "ఒరే! వచ్చెయ్యరా!"

రేకుల మీద వాన మోతలో ఆయనకి అది వినపడలేదు. ఇంకో దుప్పటి తీశాడు.

అత్తగారు మెట్లు దిగబోయింది. చిన్నకోడలు రెండు చేతులా నడుం పట్టి ఆపింది. "వద్దత్తయ్యా! మీరు దిగొద్దు!" అత్తగారు విదిలించుకోబోయి, విదిలించుకోలేక, చేతికి దొరికింది పట్టుకుని లాగింది. నల్లతాడు తెగింది. ఈల ఆవిడ చేతిలోకి వచ్చింది. నోట్లో పెట్టుకుంది. మొదటిసారి గాలీ గంజిపొడీ తప్ప ఏం రాలేదు. రెండోసారి ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది.

ఈల పెరడంతా వినపడింది.

కింద తీగ నేలని తాకింది. బావగారు తల ఎత్తలేదు. ఆ చప్పుడు ఎవరిదో ఆయనకి చూడక్కర్లేదు. తర్వాతి దుప్పటి కోసం వంగుతూ విసుగ్గా కేక పెట్టాడు.

"చాల్లే ఈలమ్మా! వస్తున్నానన్నాగా!"